తాళం వేసిన పాట

మెదక్‌లో మోటార్లకు వైండింగ్ చేసే లాజరన్న మహా మొండి ఘటం. కాలిపోయిన మోటారు చూపించి ఇది ఇక పనికిరాదని ఎవరైనా అంటే చాలు, తిండి మానేసి దాని ముందు కూర్చుంటాడు. అలాంటి మనిషి భార్య గొంతు దగ్గర ఓడిపోయాడు. ఎలిశిబక్కకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, దాంతోపాటే గొంతూ పోయింది. చర్చి క్వయర్‌లో అందరికీ ముందు నిలబడి పాడిన ఆమెకు ఇప్పుడు గుసగుస తప్ప రాదు. వెనక వరుసలో పాడే నాకే అంత బాధగా ఉంటే ఆయన సంగతి చెప్పాలా?

ఆమె ఒక్కతే పాడిన పాట ఒకే ఒక్క చోట మిగిలింది. పదేళ్ల కిందట హైదరాబాద్ నుంచి ఒక వీడియో కంపెనీ వచ్చి, మా క్రిస్మస్ పాటలు షూటింగ్ చేసి, బ్లూ-రే డిస్క్‌గా అమ్మింది. మా పాటలు మేమే కొనుక్కున్నాం. దాన్ని ఆడించే మిషన్ మాలో ఎవరికుంది? బీరువాల్లో పడేశాం.

"నీ పాట నీకు ఇనిపిస్త సూడు," అన్నాడు లాజరన్న భార్యతో. పాత కంప్యూటర్, దానికో బ్లూ-రే డ్రైవ్ సంపాదించాడు. కంప్యూటర్ నడవడానికి ఉచితంగా దొరికే లినక్స్ వేశాడు, వీడియో ఆడటానికి ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్ వేశాడు. డిస్క్ పెడితే, దీనికి తాళం ఉంది, తాళంచెవి లేదు అని తెర మీద వచ్చింది. ఎవరూ కాపీ కొట్టకుండా కంపెనీ వేసిన తాళమట. పాడింది ఆయన భార్య, కొన్నది ఆయన, తాళం మాత్రం కంపెనీది! నాకు ఒళ్లు మండింది.

ఆయన ఊరుకుంటాడా? ఆ తాళం తీసే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమేనని, పాత డిస్క్‌ల తాళంచెవులను ఎవరో మహానుభావులు ఒక ఫైల్‌లో పోగేశారని ఇంటర్నెట్‌లో చదివాడు. ఆ ఫైల్‌ను దించుకుని, ఇంటి తాళంచెవిని మేకుకు తగిలించినట్టు డెస్క్‌టాప్ మీద పెట్టి, ఎందుకు పనిచేయదని వారాల తరబడి తిట్టుకున్నాడు. ప్లేయర్ వెతికే ఫోల్డర్‌లోనే దాన్ని పెట్టాలని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే, "బొమ్మ వచ్చింది! జల్ది రాండ్రి!" అని కేకేశాడు. నేనూ, పక్కింటి యశోదా పరుగెత్తాం. ఎలిశిబక్కను కుర్చీలో కూర్చోబెట్టి, అప్పుడు స్పీకర్ వైరు తగిలించి సౌండ్ పెంచాడు. తెర మీద తెల్ల చీరలో ఎలిశిబక్క నోరు తెరిచింది.

గొంతు ఆమెది కాదు.

ఎలిశిబక్కది నిండైన గొంతు. ఇది సన్నగా, పంచదార పోసినట్టు ఉంది. ఎవరో గాయని చేత స్టూడియోలో పాడించి ఆమె పెదవులకు అతికించారు. మాకు ఒక్కమాట చెప్పలేదు. నేను లాజరన్న ముఖంలోకి చూడలేకపోయాను.

యశోద మా చర్చికి ఎన్నడూ రాలేదు, ఎలిశిబక్క పాట వినలేదు. "అబ్బ, ఎంత మంచిగ పాడినవ్ అక్కా!" అని కళ్లు తుడుచుకుంది. ఎలిశిబక్క ఏదో అంది. ఆ పాట హోరులో ఎవరికీ వినబడలేదు. లాజరన్న స్పీకర్ వైరు పీకేశాడు.

"అరె, ఎందుకు బంద్ చేసినవ్ అన్నా? అక్క గొంతు జర ఇననియ్యరాదూ," అంది యశోద.

ఎలిశిబక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"గిప్పుడు ఇంటున్నవ్ గదా," అంది గుసగుసగా. "గిదే నా గొంతు."