ఎల్లమ్మ బర్రెకు మేత సరిపోతోందట

పశువు ఎంత మేత తిన్నదో దాని మూత్రం పరీక్షించి అంచనా వేయడం మా పని. కంపెనీలు వదిలే విషపు నీళ్లకు గడ్డి మాడిపోయిన ఊళ్లలో, మేత సరిపోని పశువులకే ఉచిత గడ్డి ఇస్తారు. ఈ రోజు గుమ్మడిదల వెళ్లి, మేత సరిపోతోందని ఫలితం వచ్చినట్టు ఎల్లమ్మకు చెప్పాను. ఆమె బర్రెకు ఎముకలు తేలి ఉన్నాయి.

"నిజంగా తింటోందా ఎల్లమ్మా?"

"మీరు మూత్రం పట్టనీకి వస్తున్రని మూడు దినాలు మా చెల్లె పొలంల గడ్డి కోసుకొచ్చి ఏసిన మేడమ్. బర్రెను మాడవెడుతున్నదని రాసుకుంటే ఇజ్జత్ పోదా?"

"అయ్యో, గడ్డి ఇచ్చేదే మాడుతున్నవాటికి!"

"గా ముచ్చట ముందుగాల జెప్పొద్దా?"

చెబితే కావాలనే పస్తు పెడతారని మేమే దాచాం. పరీక్ష అబద్ధం చెప్పలేదు. గడ్డి ఇచ్చే జాబితాలోంచి ఎల్లమ్మ పేరు నేనే కొట్టేశాను. మీరైతే కొట్టేసేవారా?