తాళాల గుత్తి ఇచ్చేసిన రోజు

మా కాలేజీలో ఏటా ఒక తతంగం ఉంటుంది. మూడో ఏడాది వాళ్ళని దగ్గర్లో ఉన్న హైస్కూళ్ళకి పంపి, పదో తరగతి పిల్లలకి నాలుగు మంచి ముక్కలు చెప్పిస్తారు. వెళ్ళేముందు ఒక ఉత్తరం రాయాలి, పదో తరగతిలో ఉన్న మనకి మనమే. ఈసారి వంతు మాది. మావాళ్ళు భలే రాశారు. ఒకడు ‘లెక్కల సారుతో పెట్టుకోకురా నాయనా’ అని మొదలుపెట్టాడు. ఒకమ్మాయి ‘నాన్న కోసం ఎంపీసీ తీసుకోకు, నీకు బొమ్మలొచ్చు’ అని రాసి, చదువుతూ చదువుతూ ఏడ్చేసింది. ఇంకొకడు ‘రాత్రిళ్ళు పడుకో బాబూ’ అని ఒక్క ముక్కతో సరిపెట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం.

నా కాగితంలో రెండే వాక్యాలున్నాయి. ‘ఆ తాళాల గుత్తి దానికి ఇచ్చెయ్యకు. ఇచ్చినా సరే, దానితోపాటు బస్సెక్కు.’ ఉత్తరాలు చూస్తున్న మేడమ్ రెండుసార్లు చదివి, "ఏమిటిది, కవిత్వమా?" అంది. కాదు మేడమ్ అన్నాను. అయితే అదేమిటో వివరంగా రాసి తీసుకురమ్మంది. అందుకని రాస్తున్నాను, ఇది స్కూల్లో చదివే ఉత్తరం కాకపోయినా.

మాది గోదావరి జిల్లా. నాన్నకి పోర్టులో ఉద్యోగం రావడంతో వైజాగ్ వచ్చి, వన్‌టౌన్‌లో ఒక ఇరుకు వీధిలో అద్దెకి దిగాం. నాలుగిళ్ళ అవతల అది ఉండేది. ‘అది’ అంటున్నానని ఏమీ అనుకోకండి, మా ఇద్దరి మధ్యా అంతకన్నా మర్యాద ఎప్పుడూ లేదు. వాళ్ళ నాన్న బోటెక్కితే పది పదిహేను రోజులకి గానీ ఒడ్డు చూడడు. వాళ్ళమ్మ తెల్లారకుండా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, వేలంపాటలో చేపలు ఎత్తి, గంపతో వీధులు తిరిగి వచ్చేసరికి పది దాటేది. బడికి మేమిద్దరమే వెళ్ళేవాళ్ళం. బెంచీ మీద కూడా పక్కపక్కనే. లెక్కల్లో అది నాకంటే చురుకు. నేను ప్రశ్న రాసుకునేలోపు అది జవాబు రాసేసి, నా కాగితం మీద మీసాలున్న సారు బొమ్మ గీసేది.

ఎనిమిదో తరగతిలో ఒక మధ్యాహ్నం దానికి క్లాసులో ఫిట్స్ వచ్చింది. బెంచీ మీంచి జారి కిందపడి కొట్టుకుంటుంటే పిల్లలందరం కెవ్వుమని గోడకి అతుక్కుపోయాం. టీచరు "ఇనుము! ఇనుము తీసుకురండి!" అని అరిచింది. అటెండరు స్టాఫ్‌రూము తాళాలు తెచ్చి దాని చేతిలో కుక్కాడు. కాసేపటికి తగ్గింది. తాళాలతోనే తగ్గిందని అందరం నమ్మాం. మా అమ్మా నమ్మింది, అమ్మమ్మా నమ్మింది, నేను నమ్మక ఏం చేస్తాను?

మర్నాడు సాయంత్రం వాళ్ళమ్మ మా ఇంటికి వచ్చింది. వీధి మొదట్లో తాళాలు బాగుచేసే సాయిబు తాత దగ్గర పనికిరాని తాళంచెవులు ఓ పదకొండు అడిగి తెచ్చి, ఇనపతీగకి గుచ్చి నా చేతిలో పెట్టింది.

"పాపా, నాను తెల్లారకుండా ఎల్లిపోతాను. దీన్ని నీకు ఒప్పసెప్తన్నాను. అదొత్తే ఈ గుత్తి సేతిలో ఎట్టు. ఎట్టి, దాని సెయ్యట్టుకుని పక్కనే కూకో. లేసీదాకా వదలకు."

పదమూడేళ్ళకి నాకు పెద్ద ఉద్యోగం వచ్చినంత గొప్పగా అనిపించింది. మూడేళ్ళు ఆ గుత్తి నా బ్యాగులోనే ఉంది. నడుస్తుంటే గలగలమనేది. మగపిల్లలు ‘జైలరమ్మ వస్తోందిరోయ్’ అని ఏడిపించేవాళ్ళు. నెలకో రెండు నెలలకో దానికి వచ్చేది. బళ్ళో, దారిలో, ఒకసారి రేషన్ షాపు లైన్లో. నేను గుత్తి చేతిలో పెట్టి, చున్నీ తీసి కాళ్ళ మీద కప్పి, తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. లేచాక కళ్ళు నులుముకుంటూ అది అడిగే మొదటి మాట, "ఎంతసేపు పోయిందే కరెంటు?"

"రెండు నిమిషాలే."

"ఎవరెవరు సూసినారే?"

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

చుట్టూ ముప్పై మంది ఉన్నా అదే మాట చెప్పేదాన్ని. రేషన్ షాపు దగ్గరైతే జనం ఇంకా మా మీదకి వంగి చూస్తూనే ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి లేచి నిలబడి, "ఓసి అబద్దాలకోరా" అని నవ్వి నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ అబద్ధం దానికి కావాలి. మందు బిళ్ళ ఎలాగో అదీ అలాగే.

పదో తరగతిలో దానికి నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. ద్వారకా నగర్‌లో జూనియర్ కాలేజీలో చేరతానంది. వాళ్ళ చుట్టాలంతా అంతదూరం ఎందుకన్నారు. వాళ్ళమ్మ మాత్రం మా అమ్మతో ఒకటే అంది. "మీ పాప ఎల్తే మా పాపెల్తాది. మీ పాప లేపోతే లేదు." ఇద్దరం చేరాం. సెక్షన్లు వేరయినా బస్సు ఒకటే.

ఇక్కడి నుంచి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను.

పదహారేళ్ళ పిల్లని, కొత్త కాలేజీలో నాకు కొత్త స్నేహితులు దొరికారు. క్లాసయ్యాక వాళ్ళు బజ్జీల బండి దగ్గర నిలబడేవాళ్ళు, షాపుల్లో ఊరికే తిరిగేవాళ్ళు. నేను మాత్రం గంట కొట్టగానే గుత్తి గలగలలాడించుకుంటూ దాని సెక్షన్ గుమ్మం దగ్గరికి పరిగెత్తాలి. విసుగొచ్చింది. పైకి అనలేదు, లోపల మాత్రం రోజూ అనుకునేదాన్ని, ఇదెక్కడి తద్దినంరా బాబూ అని. అవును, ఆ మాటే అనుకున్నాను. దానికి అది తెలియలేదని కూడా అనలేను. దారిలో మాటలు తగ్గించేసింది. లెక్కలు చెప్పనా అని అదే అడిగేది, నేనే వద్దనేదాన్ని.

ఒక శనివారం ఒకమ్మాయి పుట్టినరోజని అందరూ బేకరీకి బయల్దేరారు. నన్నూ రమ్మన్నారు. దాన్ని కూడా తీసుకెళ్ళొచ్చు కదా అని ఇప్పుడు ఎవరైనా అడగొచ్చు. అక్కడ కింద పడిపోతే? అందరిముందూ నేను చున్నీ తీసి కూర్చోవాలి. ఆ ఒక్క సాయంత్రం నాకు జైలరమ్మ అవ్వాలని లేదు. దాని సెక్షన్‌కి వెళ్ళి, "నాకు డౌట్స్ క్లాసుంది, ఇవాళ నువ్వెళ్ళిపోవే" అన్నాను. చూడండి నా తెలివి, దాన్ని వట్టి చేతుల్తో పంపకూడదని కూడా అనుకున్నాను. గుత్తి తీసి దాని చేతిలో పెట్టి, "నీ బ్యాగులో పైనే పెట్టుకో. ఏమైనా అయితే ఎవరో ఒకరు తీసి చేతిలో పెడతారు" అన్నాను.

అది గుత్తి కేసి చూసి, నా కేసి చూసి నవ్వింది. "నా తాళాలు నాకే ఇచ్చేత్తన్నావేటే?"

గుత్తి ఇచ్చేస్తే నా పని అయిపోయిందనుకున్నాను. ఒట్టు, నిజంగానే అనుకున్నాను. ఇనుము చేతిలో ఉంటే చాలు కదా, పెట్టేది నేనైతే ఏమిటి, ఇంకొకరైతే ఏమిటి?

కేకు కోసి గంట కూడా కాలేదు. ఒకమ్మాయి ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ, "అయ్యో, మన కాలేజీ యూనిఫామేనే!" అంది. నలుగురం వంగాం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్టాపు. అది నేలమీద ఉంది. చుట్టూ జనం, సగంమంది చేతుల్లో ఫోన్లు. ఎవరో బండి తాళం దాని చేతిలో పెట్టారు. ఇంకొకాయన ఇంకో తాళం. మూడో ఆయన ఇంటి తాళాల గుత్తే పెట్టాడు. పిడికిలి నిండా తాళాలే. గెడ్డం పగిలి రక్తం కారుతోంది. డ్రెస్సు మోకాళ్ళ పైకి జరిగిపోతే ఒక్కరూ కిందకి లాగలేదు. ఒక్కరూ కూర్చోలేదు. బస్సొచ్చింది, కొంతమంది ఎక్కేసి వెళ్ళిపోయారు.

"ఎవరే పాపం, నీకు తెలుసా?" అని అడిగింది పుట్టినరోజమ్మాయి.

"మా సెక్షన్ కాదు" అన్నాను.

ఛీ, నా బతుకు. చేతిలో కేకు ముక్క అలాగే ఉంది.

ఆటోలో బస్టాపుకి వెళ్ళేసరికి అక్కడ ఎవరూ లేరు. మా వీధికి వచ్చేసరికి వాళ్ళింటి ముందు చుట్టాలు నిలబడి ఉన్నారు. నేను వెనక సందులోంచి మా ఇంట్లో దూరాను. తర్వాత ఆ వీడియో నా ఫోన్‌కి మూడు గ్రూపుల్లోంచి వచ్చింది, ఏడుపు బొమ్మలతో సహా. అది మళ్ళీ కాలేజీకి రాలేదు. ముందుపన్ను విరిగిందనీ, గెడ్డానికి కుట్లు పడ్డాయనీ అమ్మ చెప్పింది. "వెళ్ళి చూసి రావే" అని రోజూ పోరేది. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? రెండు నెలలకి మేం గాజువాక వైపు మారిపోయాం. హమ్మయ్య అనుకున్నాను. అదీ అనుకున్నాను.

ఆ రెండు వాక్యాల ఉత్తరం రాసిన తర్వాతి ఆదివారం, నాలుగేళ్ళు దాటాక, ఆ వీధికి వెళ్ళాను. వాళ్ళ అరుగు మీద పదిమంది పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. మధ్యలో అది, చేతిలో సుద్దముక్క. ఇంటర్ సగంలో వదిలేసినది పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెబుతోంది. నన్ను చూసి, "రండి, కూర్చోండి" అంది. ఆ ‘రండి’ విని, చెప్పులు విడిచి అరుగు అంచున కూర్చున్నాను. పిల్లల్ని కాసేపు ఆడుకోమని పంపేసింది.

బోర్డు పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. దాని దస్తూరీయే. ‘టీచర్ పడిపోతే భయపడొద్దు. ఒక పక్కకి తిప్పండి. నోట్లో, చేతిలో ఏమీ పెట్టొద్దు. టైము చూడండి, అయిదు నిమిషాలు దాటితే అమ్మని కేకెయ్యండి. ఫోన్లు తియ్యొద్దు. ఒక్కరైనా పక్కన కూర్చోండి.’ చివరి ముక్క కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

వాళ్ళమ్మ లోపల్నుంచి టీ తెచ్చింది. నేను గ్లాసు పట్టుకుని ఏడ్చేశాను. "అత్తా, నాది తప్పు. గుత్తి ఇచ్చేసి పంపించేశాను" అన్నాను.

ఆవిడ గోడకున్న మేకు వైపు చూపించింది. అదే ఇనపతీగ, అవే పదకొండు తాళంచెవులు, తుప్పు పట్టి వేలాడుతున్నాయి. "అయ్యేటీ సెయ్యవని నాకప్పుడే తెల్సమ్మా. పెద్దాసుపత్రిలో డాక్టరు ముందే సెప్పినాడు."

"మరి నాకెందుకిచ్చావు?"

"సిన్నపిల్లవి. ఊరికే పక్కన కూకోమంటే బయపడి పారిపోతావు. సేతికి పనుంటే నిలబడతావని ఇచ్చినాను." కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

మేమిద్దరమే మిగిలాం. అది సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది. "ఆ వీడియో నువ్వు సూసినావేటే?"

లేదే అంటే సరిపోయేది. మూడేళ్ళపాటు చెప్పీ చెప్పీ అలవాటైన అబద్ధమే. ఈసారి నోట్లోంచి రాలేదు. ఇంకా దాన్ని మోసం చెయ్యకూడదనుకున్నానో, నా బరువు దించుకోవాలనుకున్నానో నాకే తెలీదు. "చూశాను" అన్నాను. "ఆ సాయంత్రమే. బేకరీలో."

అది తలూపింది. కళ్ళలో నీళ్ళు తిరిగినా కారనివ్వలేదు.

"ఊరంతా సూసినారని తెల్సు. నువ్వొక్కదానివే సూళ్ళేదనుకున్నాను ఇన్నాళ్ళూ. దానికేటీ తెలీదు, తెలిత్తే వచ్చీదే, అని అమ్మతోటి సెప్పీదాన్ని."

నాలుగేళ్ళూ అది నన్ను వెనకేసుకొచ్చింది. నేను దానికోసం చెప్పిన అబద్ధాల్లాంటిదే ఒకటి నాకోసం తనకి తాను చెప్పుకుంటూ బతికింది. దాన్ని కూడా నేనే లాక్కున్నాను. చెయ్యి పట్టుకోబోయాను. తియ్యలేదు గానీ, పట్టుకోనూ లేదు.

"ఇంక పిల్లలొత్తారు" అంది.

పిల్లలు వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ఒక చిన్నపిల్ల దాని పక్కకి జరిగి, దాదాపు మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. అది బోర్డు వైపు తిరిగి, సగంలో ఆపిన లెక్క అందుకుంది. నేను చెప్పులేసుకుని, ఒక్కసారైనా వెనక్కి చూస్తుందేమోనని మెట్టు కింద నిలబడ్డాను. లెక్క పూర్తయింది. తర్వాత లెక్క మొదలుపెట్టింది.