రంగూన్ వంకాయలు

మా వీధిలో నా పెరటి వంకాయలకు రంగూన్ వంకాయలని పేరు. అవి రంగూన్ నుంచి వచ్చినవి కావు, రంగూన్‌కు పోవలసినవి. ఎనిమిదేళ్ళపాటు ప్రయాణానికి సిద్ధంగా ఉండి, ప్రతి ఏడూ మా కూర దబరలోకే పోయినై. "ఏం టీచరమ్మా, మీ రంగూన్ వంకాయలు కాసినాయా?" అని పక్కింటామె గోడ మీద నుంచి అడిగితే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. రానురాను నేనూ ఆ పేరే వాడినాను.

మా ఊరు తోటపల్లి గూడూరు దాటి, సాయంత్రం నాలుగయ్యేసరికి సముద్రం గాలి పెరట్లోకి వచ్చేంత దూరంలో ఉంది. నేను మిషను బడిలో పంతులమ్మను. మా ఆయన కాంపౌండరు. రంగూన్‌లో ఉండేది మా అక్క.

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు, అక్కకు పదిహేను. నాకు తల దువ్వినా, అన్నం కలిపి పెట్టినా, ఆదివారం బడికి వాక్యాలు కంఠతా పట్టించినా, అల్లరి చేస్తే వీపు మీద రెండు వేసినా అన్నీ అక్కే. నాకు పదకొండేళ్ళప్పుడు ఆమెకు పెళ్ళి చేసినారు. బావ రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తా. పెళ్ళయిన నెలకే ప్రయాణం పెట్టుకున్నారు.

నాకు పుట్టినప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. నన్ను వదిలిపెట్టి పోతోందని అలిగి, అక్క బండెక్కే పొద్దున సరుగుడు తోపులోకి పోయి దాక్కున్నాను. అక్క పిలిచింది. బావ పిలిచినాడు. నాయన తిట్టినాడు. నేను పలకలేదు. గంటల చప్పుడు వినపడనంత దూరం బండి పోయినాక, అప్పుడు లేచి రోడ్డు మీదికి పరుగెత్తినాను. రోడ్డంతా దుమ్ము. అక్క లేదు.

అందుకే నాకు రంగూన్ పోవాలని. ఓడెక్కాలనీ, పగోడాలు చూడాలనీ లేదా అంటే ఉంది, అబద్ధమెందుకు? కానీ అసలు కోరిక అది కాదు. అక్క ఎదురుగా నిలబడి, "ఆ పొద్దున నేను తోపులోనే ఉన్నానక్కా, నీ కేక విన్నాను" అని చెప్పాలి. ఉత్తరంలో రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో! కలం కదిలేది కాదు.

ఇక వంకాయల సంగతి. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం అది. గుండ్రంగా, తెలుపు మీద ఆకుపచ్చ చారలతో, ముచ్చిక నిండా ముళ్ళతో ఉంటుంది. కోసేటప్పుడు వేళ్ళు గీరుకుంటాయిగానీ ఎండు రొయ్యలేసి వండితే ముక్క వెన్నలాగా కరిగిపోతుంది. అక్క ఉత్తరాల్లో ఎప్పుడూ ఆ వంకాయలే కలవరిస్తుండేది. యాభై ఏడులోనో యాభై ఎనిమిదిలోనో, నా పెళ్ళయిన కొత్తల్లో, కాసిని విత్తనాలు కాగితంలో పొట్లం కట్టి కవర్లో పెట్టి పంపించినాను. దారిలో ఎన్ని పోస్టాఫీసుల్లో ఎన్ని ముద్రలు గుద్దినారో ఏమో, రెండు నెలలకు అక్క జవాబు వచ్చింది. "మే, నీ విత్తనాలు పిండి అయి చేరినై. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. ఇంకెప్పుడూ పోస్టులో పంపొద్దు. నువ్వే చేత్తో పట్టుకొని రా."

ఆ ఉత్తరం చేతిలో పట్టుకొని మా ఆయన దగ్గరికి పోయి, "నేను రంగూన్ పోవాలి" అన్నాను.

"విత్తనాలు ఇయ్యడానికా?"

"అవును, విత్తనాలు ఇయ్యడానికే!"

ఆయన నవ్వినాడుగానీ కాదనలేదు. ఆ వారంలోనే నెల్లూరు పోయి ఫోటో తీయించుకున్నాము. ఫోటో ఆయన "కొంచెం నవ్వండమ్మా" అంటే, నాకు నవ్వు చాలక కాదు, మరీ ఎక్కువై, ఫోటోలో పళ్ళన్నీ పడినై. పాస్‌పోర్టుకు అట్లా పళ్ళు కనపడకూడదని మళ్ళీ తీసినారు. అర్జీ మద్రాసుకు పోయింది. అది మొదలు, చూడండి నా అవస్థ.

వంగ విత్తనం కొత్తదైతేనే బాగా మొలుస్తుంది. మా ఉప్పుగాలికి రెండో ఏటికే సగం చచ్చు గింజలౌతాయి. అక్కకు చచ్చు గింజలు తీసుకుపోతానా? కాబట్టి ప్రయాణం ఒక ఏడు వెనకబడితే మళ్ళీ నారు పోయాలి, నాటాలి, కాయించాలి, ఒక మంచి కాయను చెట్టుకే పండబెట్టి గింజ తీయాలి. ఆ గింజను బూడిదలో కలిపి, ఎండబెట్టి, గుడ్డలో మూటగట్టి, ప్రయాణం పెట్టెలో వెంకటగిరి చీర మీద పెట్టాలి. ఆ చీర కూడా రంగూన్‌కే. ఓడ దిగేటప్పుడు కట్టుకుందామని కొన్నాను. ప్రతి క్రిస్మస్‌కూ పెట్టె తెరిచి, చీర తడిమి, మళ్ళీ మూసేదాన్ని. "కట్టుకోరాదా, చిమటలు కొడతాయి దాన్ని" అనేవాడు మా ఆయన. వింటానా నేను!

కానీ నిజం చెప్పొద్దూ, ఆ ఎదురుచూపుల ఏళ్ళే నా బతుకులో బలే బాగున్న ఏళ్ళు. పొద్దున్నే లేచి పెరటి వెనక దొరువులో దిగేదాన్ని. మా ఇసక నేలల్లో బావి అక్కర్లేదు. నాలుగు మూరలు గుంట తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరుతాయి, దాన్నే దొరువంటాము. చేతికొక కడవ ముంచుకొని, రెండు పక్కలా రెండు మళ్ళు తడుపుకుంటూ పోయేదాన్ని. కాళ్ళ కింద చల్లటి ఇసక. వంగ మళ్ళ పక్కన కనకాంబరాలు, గట్టు మీద మరువం, పందిరికి పొట్లకాయలు. పొట్లకాయ వంకర తిరగకుండా కొసకు చిన్న రాయి కట్టే పని మా ఆయనది. ఆసుపత్రిలో మందు తూచినంత జాగ్రత్తగా రాళ్ళు ఏరేవాడు. "ఇది పావు తులం ఎక్కువైందేమో" అని ఒక రాయి విప్పి ఇంకోటి కట్టేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని.

బడి నుంచి వచ్చేసరికి గాలి తిరిగేది. అరుగు మీద కూర్చుని పూలు కట్టేదాన్ని. చేపలామె గంప దించి మంచినీళ్ళు తాగి, ఊళ్ళో సంగతులన్నీ చెప్పి, సావడాయ చేపలు నాలుగు ఎక్కువేసి, వంకాయలు నాలుగు ఒళ్ళో వేసుకొని పోయేది. ఆదివారం ప్రార్థన అయినాక చేపల పులుసు. దాన్ని ఆ పూట తినకూడదు, ఊరాలి. సోమవారం పొద్దున దోసెల్లోకి తినాలి. ఒక్కోసారి నోట్లో దోసె ముక్క పెట్టుకొని, "అక్కకు ఇది దొరకదు కదా" అనుకునేదాన్ని. కళ్ళు చెమర్చేవి. అయినా దోసె మాత్రం వదిలేదాన్ని కాదు.

ఒక ఏడు పోలీసాయన విచారణకు వచ్చినాడు. రంగూన్ ఎందుకు పోతున్నారని అడిగితే, అక్కను చూసేందుకని అనక, కంగారులో "వంకాయ విత్తనాలు ఇచ్చి రావడానికండీ" అనేసినాను. ఆయన రాయడం ఆపి నా మొహం చూసినాడు. మా ఆయన తల పట్టుకున్నాడు. ఇంక చేసేదేముంది, పెరట్లోకి పిలిచి చెట్లు చూపించి, అన్నం పెట్టి, కూర వడ్డించినాము. పోతూ పోతూ ఆయన అరిటాకులో పది నారుమొక్కలు చుట్టించుకొని పోయినాడు. కాగితంలో ఏం రాసుకున్నాడో ఇప్పటికీ నాకు తెలీదు.

ఇంకో ఏడు జరిగింది మాత్రం నవ్వే సంగతి కాదు. విత్తనానికి వదిలిన కాయకు ఎవరూ కోయకుండా ఎర్ర రిబ్బను కట్టేదాన్ని. పండి పసుపుపచ్చగా తిరిగి, రేపో మాపో కోయాలి. బడి నుంచి వచ్చి చూస్తే కాయ లేదు! చెట్టు కింద రిబ్బను పడి ఉంది. చుట్టపుచూపుగా వచ్చిన మా ఆడబిడ్డ, ముదిరిందని జాలిపడి, కాల్చి పచ్చడి చేసింది. పైగా "వదినా, గింజ ఎక్కువగా ఉంది, నీ చెట్లు మంచివి కాదు" అనింది. నేను ఒంటి కాలి మీద లేచినాను. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు, మా ఆయనతో మూడు రోజులు. ఆయన తప్పేముందని మీరు అడగొచ్చు. ఆ పచ్చడి రెండుసార్లు వడ్డించుకున్నాడు కదా!

మూడో రోజు సాయంత్రం ఆయన నెమ్మదిగా అన్నాడు. "కోప్పడనంటే ఒక మాట. తగరపు డబ్బాలో దూది పెట్టి పంపిస్తే గింజలు నలగవు. ఆసుపత్రిలో సూదిమందు సీసాలే అట్లా వస్తాయి. నీకు తోచలేదా?"

తోచలేదా? మొదటి ఏడే తోచింది. కానీ విత్తనాలు పోస్టులో క్షేమంగా చేరితే ఇంక నేనెందుకు పోవాలి? ఏమని పోవాలి? ఆ మాట ఆయనకు చెప్పలేక లేచిపోయి, అవసరం లేకపోయినా మళ్ళకు నీళ్ళు పోసినాను. ఆయనకు అర్థమైంది. ఇంకెప్పుడూ డబ్బా మాట ఎత్తలేదు.

ఎన్ని అర్జీలో, ఎన్ని జవాబులో! తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక ఎండాకాలం పాస్‌పోర్టు వచ్చింది. దాన్ని పట్టుకొని నేను పక్కింటికీ, బడికీ, చేపలామె కనపడితే ఆమెకూ చూపించినాను. ఆ ఏటి విత్తనం అప్పటికే పెట్టెలో ఉంది. రంగూన్ వాళ్ళ అనుమతి ఒక్కటి వస్తే ఓడెక్కడమే.

అనుమతి రాలేదు. అక్క ఉత్తరం వచ్చింది. "నువ్వు బయల్దేరొద్దు. ఇక్కడ రోజులు మారిపోయినై. మిల్లులన్నీ సర్కారు పట్టుకొనింది, బావ పని పోయింది. మనవాళ్ళంతా ఓడలెక్కుతున్నారు. మేమూ వచ్చేస్తున్నాము."

అది చదివి నాకు మొదట ఏమనిపించిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. అయ్యో, నా ప్రయాణం పోయిందే, అనుకున్నాను. అక్క ఇల్లు పోయింది, ఊరు పోయింది, నాకు ఓడ పోయిందని ఏడుపు! ఆ తర్వాత నన్ను నేనే తిట్టుకొని, అక్క వస్తోందని ఇల్లంతా సున్నం కొట్టించినాను.

వెంకటగిరి చీర ఆఖరికి మద్రాసు హార్బరులో కట్టుకున్నాను. విత్తనాల మూట చేతిలోనే ఉంది, ఎందుకు తెచ్చినానో నాకే తెలీదు. ఎంతసేపు నిలబడ్డామో, కాళ్ళు పీకినై. జనం దిగుతున్నారు, పెట్టెలు, పరుపు చుట్టలు, ఏడ్చే పిల్లలు. పద్దెనిమిదేళ్ళాయె, ప్రతి ఆడమనిషినీ అక్కేనేమో అని చూస్తున్నాను. కనపడక నాకు కోపం వస్తోంది. అంతలో తల సగం నెరిసిన సన్నటి మనిషి ఒకామె తిన్నగా నా దగ్గరికొచ్చి ఆగింది.

"ఆ మూతి ముడుపు చూసి గుర్తుపట్టినాను" అనింది. తర్వాత నా గడ్డం పట్టుకొని, "ఏం మే, అలక తీరిందా?" అనింది.

ఇన్నేళ్ళూ కూడబెట్టుకున్న మాటతో ఇంక పని లేకపోయింది. ఆమెకు తెలుసు. తోపులో ఉన్నానని ఆ పొద్దునే తెలుసు. నేను మూట ఆమె చేతిలో పెట్టినాను. అక్క దాన్ని చూసి, నన్ను చూసి, కొంగున కట్టుకొనింది. వెనక బావ పెట్టెలు లెక్క పెట్టుకుంటున్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున పెరట్లో మళ్ళన్నీ తిరిగి చూసింది. నేను నారుమడికి ఇసక చదును చేస్తున్నాను. అక్క గట్టు మీద కూర్చుని కొంగు ముడి విప్పింది. నా మూట తీసింది. అదే కొంగులోంచి ఇంకో మూట తీసింది. పాత గుడ్డ, నల్ల దారం. విప్పితే వంకాయ విత్తనాలు.

"ఇవెక్కడివి?"

"నీవే. పోస్టులో పంపినావే, పిండి అయినాయని రాసినానే. నాలుగు గింజలు బతికినై. కిరసనాయిలు డబ్బాల్లో వేసినాను. ప్రతి ఏడూ కాస్తానే ఉన్నై."

చేతిలో పారతోనే వంగి ఆ గింజలను చూసినాను. తర్వాత చూడండి! "ఎనిమిదేళ్ళు నా చేత నీళ్ళు మోయించినావా! ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?" అని పార విసిరేసినాను. మా ఆయన లోపలి నుంచి పరుగెత్తుకొచ్చినాడు.

అక్క నవ్వుతా ఉంది, కళ్ళ నీళ్ళు కారతా ఉన్నై. "విత్తనం ఉండాదని రాస్తే, నువ్వు రావడం మానుకుంటావని మే" అనింది.