కారు గడపకి పసుపు

మొన్న శనివారం స్కూలు వదిలే వేళకి ఏలూరులో కుండపోతగా వాన కురిసి వెలిసింది. మా హెడ్‌మిస్ట్రెస్ గారు తన కారులో నన్ను ఇంటి దగ్గర దింపుతానన్నారు. పొద్దున్న వెనక అద్దం బెత్తెడు దించి మర్చిపోయారట, జల్లు లోపలికి కొట్టి కింద పరిచిన పట్టా తడిసి ముద్దయింది. తలుపు తీసి కూర్చున్నానో లేదో ఆ వాసన గుప్పుమంది. తడిసిన గుడ్డ, తోలు, ఇనుము, వాటన్నిటి అడుగున ఎక్కడో నిలవనీటి కంపు. ఆవిడ బండి కొత్తది, అందులో పసుపు వాసన రావడానికి వీల్లేదు. అయినా నా ముక్కుకి పసుపు కూడా తగిలింది. నాకు తెలియకుండానే రెండు కాళ్ళూ సీటు మీదకి లాక్కున్నాను.

"ఏవండీ, కాళ్ళలా పైకెట్టేసుకున్నారేంటండీ? కింద ఏవన్నా ఉందా?" అని ఆవిడ కంగారుపడ్డారు.

ఏమీ లేదండీ అన్నాను. ఉన్నది ఆవిడ కారులో కాదు. నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఇంటి అరుగు పక్కన, రేకుల షెడ్డులో నిలబడి ఉండే ఇంకో కారులో.

మా నాన్నగారిది బెల్లం టోకు వ్యాపారం. మార్కెట్టు వైపు వీధులన్నీ ఉల్లిపాయల ఘాటుతో కళ్ళు మండిస్తుంటే, మా వీధి మాత్రం పొద్దస్తమానం పాకం కాస్తున్న వంటిల్లులా ఉండేది. నా పుస్తకాల సంచిలోనూ, తలగడల్లోనూ, ఆఖరికి మామ్మ మడిచీరలోనూ చీమలే. అలాంటి ఇంటికి ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాన్న ఓ పెద్ద విదేశీ కారు తోలుకొచ్చారు. ఉండి దగ్గర చేపల చెరువులున్న ఆసామీ ఒకాయన ఏళ్ళ తరబడి వాడి, విసిగి వదిలించుకున్న బండి అది. ముదురు నీలం రంగు, పడవంత పొడుగు, ముందర వెండిలా మెరిసే జాలీ, లోపల తేనెరంగు తోలుసీట్లు, స్టీరింగు ముందు అసలుసిసలు చెక్క పలక, వెనక సీటు మధ్యలోంచి కిందికి దించుకునే చేతిదిండు. తలుపు వేస్తే భోషాణం మూత పడినట్టు మెత్తగా, బరువుగా చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినడానికే నేను తలుపు తీసి వేస్తూ చివాట్లు తినేదాన్ని. దాని వయసు నాకన్నా చాలా ఎక్కువ. ముసలి బండి అని ఎవరన్నా అంటే నాన్న మొహం ముడుచుకునేవారు.

మామ్మ అంటే నాన్న వాళ్ళమ్మ. తాతయ్య పోయాక దుకాణం తలుపులు మూసుకునే దాకా వస్తే, ఆవిడ గుండె రాయి చేసుకుని ఒక్కగానొక్క కొడుకుని గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టింది. ఆ గడ్డు రోజులు గడిచి వ్యాపారం పుంజుకున్న ఏడాదే ఈ కారు ఇంటికొచ్చింది. ఇంకేముంది, సిరి ఈ బండెక్కి వచ్చిందని మామ్మ నిశ్చయించేసుకుంది. దుకాణం, ఇల్లు, కొడుకు ఆయుష్షు, అన్నీ ఆ నీలం రేకు లోపలే భద్రంగా ఉన్నాయని నమ్మింది. ఆవిడ నమ్మిందంటే ఇంట్లో అందరూ నమ్మాల్సిందే.

ఆ కారుని సాకడం ఒక ముసలి జమీందారుని సాకడమే. పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా నాన్న వెళ్ళి ఇంజన్ తిప్పి, అది దగ్గి దగ్గి గొంతు సవరించుకునే దాకా చెవి ఒగ్గి నిలబడేవారు. ఎండాకాలంలో తోలు పగలకుండా సీట్లకి కొబ్బరినూనె పట్టించేవారు, దానితో నా గౌన్ల వెనక నూనె మరకలు. కొత్త ధాన్యం రోజుల్లో ఎలకలు వైర్లు కొరికేస్తాయని బానెట్ కింద కలరా ఉండలు గుడ్డలో మూటగట్టి వేలాడదీసేవారు. వానాకాలం కరెంటు అద్దాలు సగంలో ఆగిపోతే చెరోవైపు అరచేతులు ఆనించి పైకి నెట్టేవాళ్ళం. ఏ చిన్న సామాను పోయినా బెజవాడలో ఆర్డరు పెట్టి నెలల తరబడి ఎదురుచూడ్డమే. ఇంజన్ పనికి ఏలూరు నుంచి మేస్త్రీ వచ్చేవాడు. అతనికి చెప్పిన పని ఇంజన్, చూసేదీ ఇంజనే. కింద ఏముందో చూడమని అతనికి మేమెవరమూ చెప్పలేదు. ఇంత సేవ చేయించుకుని ఆ బండి మమ్మల్ని ద్వారకా తిరుమలకీ, పెళ్ళిళ్ళకీ, వేసవిలో పెదవేగి చుట్టాలింటికీ తిప్పేది. డిక్కీ నిండా తాటిముంజెలు, మామిడి తాండ్ర చాపలు, వెనక సీట్లో నేను, చేతిదిండు మీద విస్తరి పరుచుకుని పులిహోర. నా అంత అదృష్టవంతురాలు జిల్లాలోనే లేదనుకునేదాన్ని.

ఇక శుక్రవారం వచ్చిందంటే పెత్తనం మామ్మది. కారు తలుపు తీయగానే కాలి దగ్గర అడ్డంగా ఒక ఇనప అంచు ఉంటుంది చూడండి, అది దాటి లోపల కాలు పెడతాం. సిరి దిగిన బండికి అదే గడప అని మామ్మ లెక్క. గడపని ఎలా చూసుకోవాలో ఆవిడకి ఒకరు చెప్పాలా? నాలుగు తలుపులూ బార్లా తీయించి, చెంబులతో నీళ్ళు పోసి కడిగి, పసుపు చిక్కగా మెత్తి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యప్పిండితో సన్నటి ముగ్గు గీసేది. మర్నాడు ఎండిన పసుపు కడిగెయ్యడానికి మళ్ళీ నీళ్ళు. శ్రావణమాసంలో అయితే చెప్పక్కర్లేదు, వంటింట్లో పూర్ణాలు వేగుతుంటే షెడ్డులో పసుపునీళ్ళు వరదయ్యేవి, నా దోసిట్లో నానిన వాయనం శనగలు ఉండేవి.

పోసిన నీళ్ళు రబ్బరు అంచు కింద నుంచి ఎటో దూరి, కాసేపటికి ఆ గడప అడుగున ఉన్న చిన్న చిన్న బెజ్జాల్లోంచి బొట్లు బొట్లుగా పచ్చగా కారేవి. ఒక శుక్రవారం మామ్మ అది చూసింది.

"ఏరా, అమ్మవారి నీళ్ళు అలా నేలపాలైపోతుంటే ఇంట్లో సిరి నిలుస్తుందేంట్రా?"

"అవి కంపెనీ వాళ్ళు పెట్టిన బెజ్జాలేనమ్మా" అన్నారు నాన్న నవ్వుతూ.

"పెట్టినవాడికి మన గడప సంగతేం తెలుసురా. మూసెయ్యి."

తల్లి మాట తీసెయ్యడం నాన్నకి రాదు. గోదాము రేకుల చిల్లులు పూడ్చే తారు కాచి తెచ్చి, గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని, ఒక్కో బెజ్జాన్నీ తన చేత్తోనే పూడ్చారు. ఆఖరి బొట్టు కారడం ఆగాక మామ్మ చేతులు జోడించింది.

ఆ వానాకాలం నుంచి కారులో ఒక చప్పుడు మొదలైంది. మలుపు తిరిగినా, బ్రేకు వేసినా మా కాళ్ళ కింద ఎక్కడో గలగలమని నీళ్ళు కదిలేవి. కారు ఆగాక కూడా కాసేపు గలగలమని, తర్వాత ఆగేది. "అమ్మవారి గజ్జెలే అవి" అంది మామ్మ. నేను నేలకి చెవి ఆనించి వినేదాన్ని. పక్కింటి పిల్లలకి వినిపించడానికి నాన్న చేత వీధి చివర గిర్రున తిప్పించేదాన్ని. అంత ఆనందంగా విన్న చప్పుడు తల్చుకుంటే ఇప్పుడు కాళ్ళు వాటంతటవే పైకి ముడుచుకుంటాయి.

అమ్మ ఒక్కతే ఆ గజ్జెల్ని నమ్మలేదు. అమ్మది మాట తక్కువ మనిషి, షెడ్డు ఊడ్చి కడిగేది తనే. ఒకరోజు భోజనాల దగ్గర వడ్డిస్తూ మెల్లిగా అంది: "ఏవండీ, బండి కింద సిమెంటు మీద ఎర్రగా మరకలు పడుతున్నాయండీ. ఎంత రుద్దినా పోవట్లేదు." నాన్న మామ్మ వైపు చూశారు. "కుంకుమే" అంది మామ్మ. ఆ తర్వాత అమ్మ కారెక్కిన ప్రతిసారీ ముందు పాదంతో లోపల నేలని నొక్కి చూసి, అప్పుడు బరువు మోపి కూర్చునేది. పట్టా కింద నేల కొంచెం కొంచెంగా మెత్తబడుతోందని నాకూ తెలుస్తూనే ఉంది, కొత్తగా కుట్టిన దూది బొంతలా. అది నాకు సరదాగా ఉండేది.

తర్వాతి మాఘమాసంలో గజ్జెలు ఆగిపోయాయి. ఎంత తిప్పినా, ఎంత కుదిపినా చప్పుడు లేదు. మామ్మ మొహం నల్లబడిపోయింది. అమ్మవారికి ఏదో లోపం జరిగిందని, ఫాల్గుణంలో కొల్లేటికోట జాతరకి వెళ్ళి సారె పెట్టి వస్తే తప్ప కొడుక్కి మంచిది కాదని పట్టుబట్టింది. బస్సులో వెళదామని అమ్మ ఒక్కమాట అంది. సిరి వచ్చిన బండిలో కాక బస్సులోనా అని మామ్మ కసిరింది.

వెళ్ళేటప్పుడు అంతా బాగానే ఉంది. ఉండి దాటాక రెండువైపులా చెరువులే చెరువులు, గాలిలో చేపల నీచు, మామ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే నాన్న నవ్వడం, కాలవల నిండా గుర్రపుడెక్క ఊదారంగు పూలు, పైన బారులు తీరిన కొల్లేటి పక్షులు. అమ్మవారికి చీర, గాజులు, చలిమిడి పెట్టి, ఒడి నిండా ప్రసాదంతో మామ్మ వెనక సీట్లో కూర్చుంది. మళ్ళీ ఇంటి గడప తొక్కే దాకా మధ్యలో నేల మీద కాలు పెట్టకూడదని ఆవిడ నియమం.

తిరుగు దారిలో, రెండు చెరువుల మధ్య గట్టు మీద, వెనక టైరు పంక్చరైంది.

ఎండ చిటచిటలాడుతోంది. నేనూ అమ్మా దిగాం. నాన్న చొక్కా చేతులు మడిచి జాకీ తీసి, తలుపు కింద ఆ గడప అడుగున దాని చోటులో ఆనించారు. "అత్తయ్యగారూ, ఒక్కసారి దిగండి" అంది అమ్మ. "నేనెంత బరువే, పిచ్చిదానా" అంది మామ్మ లోపల్నుంచి. అమ్మ మళ్ళీ అడిగింది. మామ్మ ఒడిలో ప్రసాదం సర్దుకుంది. బండి పైకి లేచింది. నాన్న పాత చక్రం ఊడదీసి, నేల మీద కూర్చుని, ఎడం కాలు బండి కిందికి చాపి, స్టెప్నీని ఆ పాదం మీదకి ఎక్కించుకుని పైకెత్తుతున్నారు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. వేయించిన అప్పడం విరిగినంత చప్పుడు, అంతే. జాకీ నిటారుగా ఆ గడపలోకి దూరిపోయింది, బండి నాన్న కాలి మీదకి కూర్చుండిపోయింది. విరిగిన రేకులోంచి ఎర్రటి తుప్పు, దానితో గజ్జెల నీళ్ళు ఇంకి గడ్డకట్టిన పచ్చటి బురద నాన్న మోకాలి మీద కుప్పగా పడింది. ఆ ఎండలో, ఆ చేపల నీచులో, నాన్న కేకలో, పసుపు వాసన గుప్పుమని లేచింది. మా ఇంట్లో శుక్రవారం పొద్దున్న ఉండే వాసనే.

చెరువుల దగ్గర పనివాళ్ళు పరిగెత్తుకొచ్చి వెదురు బొంగులు పెట్టి బండి లేపారు. జన్మలో చేప ముట్టని నాన్నని చేపల వ్యానులో ఐసు పెట్టెల పక్కన పడుకోబెట్టి ఏలూరు తెచ్చారు. మామ్మ ఎప్పుడు కారు దిగింది, ప్రసాదం ఏమైంది, నాకు గుర్తులేదు. మోకాలి కింద నుంచి ఎడం కాలు తీసేశారు.

కారుని ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. నాన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం అమ్మ ఆసుపత్రికి క్యారేజీ తీసుకెళ్ళడానికి ఇంటికి వచ్చి, మామ్మని భోజనానికి పిలవమని నన్ను పంపింది. షెడ్డులో మామ్మ సిమెంటు మీద పక్కకి ఒరిగి పడుకుని ఉంది. జుట్టుముడి ఊడిపోయింది, చేతిలో తలపిన్ను. బండి కిందికి చెయ్యి పోనిచ్చి ఆ బెజ్జాల్లో తారు గీకుతోంది. గోళ్ళ నిండా నలుపు. తీసిన ఒక్కో బెజ్జంలోంచీ ఎర్రటి పొడి ఆవిడ మొహం మీదకి రాలుతోంది.

"మామ్మా, అన్నానికి రా."

"ఇదొక్కటీ ఉందే. ఇది కూడా తీసేసి వస్తాను" అంది. గీకుతూనే, "మీ అమ్మ చెప్పింది. రెండుసార్లు చెప్పింది" అంది. నాకు ఏడుపొచ్చి అక్కడే కూర్చుండిపోయాను.

నాన్న చంకకర్రలతో ఇంటికొచ్చిన తర్వాతి శుక్రవారం మా వీధి గడప బోసిగా ఉంది. "అమ్మా, గడపకి పసుపు రాయలేదేం?" అని నాన్న మామూలుగా అడిగారు. నా చేత్తో ఇక రాయనురా అంది మామ్మ. తారు పోసింది నా చెయ్యి కదమ్మా అని నాన్న అన్నారు. ఆ ఒక్కసారే వాళ్ళిద్దరూ ఆ మాట ఎత్తింది. అప్పట్నుంచి అమ్మే రాసేది. మామ్మ మాత్రం ఆ గడప దాటడం మానేసింది, ఎంత బతిమాలినా పెరటి గుమ్మంలోంచే తిరిగేది. పోయిన రోజునే వీధి గడప దాటింది, మోసుకెళ్ళారు కాబట్టి.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. కారు పాత ఇనుముకి వెళ్ళిపోయింది, బెల్లం గోదాము ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, నాన్న కూడా లేరు. అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఆటో ఎక్కినా ముందు పాదంతో నొక్కి చూస్తుంది. చూడనివ్వండి అని డ్రైవర్లకి నేనే చెబుతాను.

మొన్న మా ఇంటి ముందు దిగాక హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా దిగి, వంగి చూసి మళ్ళీ కంగారుపడ్డారు. "ఏవండీ, తలుపు అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయండీ! బెజ్జాల్లా ఉన్నాయి. రేపు మూయించెయ్యనాండీ?"

"వద్దండీ" అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "పోనివ్వండి. మొత్తం పోనివ్వండి."

ఆవిడ వింతగా చూసి వెళ్ళబోయారు. ఒక్క నిమిషం ఆగమని బతిమాలి, ఆ తలుపు పక్కన, తడినేల మీద చతికిలబడి, ఆఖరి బొట్టు పడేదాకా కూర్చున్నాను.