ఒటీలియా ట్రాక్టరు: ఆరా, పన్నెండా?

బ్యాటరీల కొట్టతను అడిగింది చిన్న ప్రశ్నే. "ఎన్ని వోల్టులమ్మా?" అన్నాడు. ఒటీలియా నా వంక చూసింది. నేను గోడ మీది క్యాలెండరు వంక చూశాను.

"ఎర్ర ట్రాక్టరండీ," అంది చివరికి.

"రంగు కాదమ్మా. ఆరా, పన్నెండా?"

"మా ఆయనకి తెలుసు."

"అయితే ఆయన్నే అడిగి రండి."

"అడగాలంటే శ్మశానానికి వెళ్లాలి. నువ్వు కూడా వస్తావా?" అన్నాను. నాకు కోపమొస్తే నోరాగదు. అతను పాపం నాలుక కరుచుకున్నాడు. మేం శాన్ హోసే టౌన్ నుంచి ఉత్త చేతులతో బస్సెక్కి ఇంటికొచ్చాం.

ఒటీలియా నాకు కంచె అవతలి మనిషి. వాళ్ల రెండో పిల్ల జ్ఞానస్నానం రోజున బిడ్డను ఎత్తుకున్నది నేనే. అప్పటినుంచీ ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. పందొమ్మిదో ఏట మూడు ఆవులను తోలుకుని ఎలాడియో ఇంటికి కాపురానికొచ్చింది. ఇప్పుడవి పద్నాలుగు. పాలు పిండటం, జున్ను చేయడం ఆమె పని. చక్రంలా గట్టిపడిన జున్ను మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, చెవి ఆనించి, "ఇంకా ఆరు రోజులు మాగాలి" అంటుంది. ఆరు రోజులే పడుతుంది. పొలం, ట్రాక్టరు మాత్రం ఎలాడియోవి. ముప్పై నాలుగేళ్లలో ఆమె ఆ సీటు మీద కూర్చోలేదు. ఎక్కమని ఆయన అనలేదు, ఎక్కుతానని ఈమె అడగలేదు.

సాయంత్రం పొలం నుంచి వస్తూ ఎలాడియో కింది గేటు దగ్గర హారన్ కొట్టేవాడు. జబ్బు చేసిన దూడ అరిచినట్టుండేది ఆ మోత. అది వినగానే ఈమె, మేం టీలా తాగే మాతే ఆకు కోసం నీళ్లు పొయ్యి మీద పెట్టేది. గేటు నుంచి ఇంటికి పట్టే సమయమూ, నీళ్లు మరక్కుండా సరిగ్గా కాగే సమయమూ ఒక్కటే. మా ఇంట్లోకీ వినబడేది. మా ఆయన రాలేదేమిటా అని నేను చూసేది కూడా ఆ హారన్ విన్నాకే.

అక్టోబరులో ఎలాడియో గుండె ఆగిపోయింది. ట్రాక్టరు పాకలో ఐదు నెలలు పడి ఉంది. ఇప్పుడు మార్చి చివర. ఆదివారానికి పెద్ద వాన ఉందంటున్నారు. ఆ లోపల కింది పొలం చెక్కలో ఓట్స్ విత్తకపోతే, జూన్‌లో మొదలయ్యే మా చలికాలంలో ఆవులకు మేత లేదు. మేత లేకపోతే ఆవుల్ని తన దొడ్డికి తోలుకుపోతానని ఆమె మరిది వారం నుంచీ చెబుతున్నాడు. సాయం చేస్తున్నట్టే చెబుతున్నాడు.

"అవి పోతే నేను పొద్దున్నే ఎందుకు లేవాలి వదినా?" అంది బస్సులో.

సరే, పాకలోకి వెళ్లి చూశాం. ఇంజను పక్కన బ్యాటరీ ఉంది. దాని మీద మూడు మూతలు. మూతకి రెండు వోల్టులని మా ఆయన చెప్పగా విన్నాను. మూడు రెళ్లు ఆరు. "ఇంత సులువా!" అని నా భుజం నేనే తట్టుకున్నాను. మళ్లీ బస్సెక్కి ఆరు వోల్టులది కొనుక్కొచ్చాం. పాత తీగలు ఎక్కడివక్కడ నేనే బిగించాను.

ఒటీలియా హారన్ నొక్కింది. జబ్బు దూడ అరిచింది! ఆమె గిరుక్కున వంటింటి వైపు తిరిగి రెండడుగులు వేసి ఆగిపోయింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. తర్వాత సెల్ఫ్ నొక్కాం. టిక్కుమంది, అంతే. ఎన్నిసార్లు నొక్కినా అదే టిక్కు.

మర్నాడు విల్మార్‌ని పిలిపించాం. చుట్టుపక్కల ట్రాక్టర్లు బాగుచేసేది అతనే. హెడ్‌లైటు విప్పి బల్బు చూశాడు. "పన్నెండు," అన్నాడు. హారన్ తిప్పి చూశాడు. "ఆరు." డైనమో మీది రేకు చూద్దామంటే, ఎలాడియో గేటుకి వేయగా మిగిలిన ఎర్ర రంగంతా దానికి పూసేశాడు. గీకితే రంగుతోపాటు అంకె కూడా ఊడొచ్చింది.

"ఇదేం ట్రాక్టరు పిన్నీ? ఒక్కో ముక్క ఒక్కో మాట చెబుతోంది!"

"ఆ లావు తీగ ఎటు పోతోందో చూడు," అన్నాను.

"సీటు వెనక పెట్టెలోకి పోతోంది. ఎర్త్ అయ్యుంటది."

ఆ పెట్టెకి మూత లేదు. మీద గోతం, గోతం మీద పొడల కోడి. పంతొమ్మిది రోజులుగా గుడ్ల మీద కూర్చుని ఉంది. విల్మార్ చెయ్యి అటు పోగానే పొడవబోయింది. మా వైపు పొదిగే కోడిని ఎవరూ కదపరు. ఇల్లు తగలబడుతుంటే కదుపుతారేమో, అదీ అనుమానమే. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ముగ్గురం దూలం మీద కూర్చుని మాతే తాగాం. మూతల లెక్క ఆరంటుంది, బల్బు పన్నెండంటుంది. నా బుర్ర గిర్రున తిరిగింది.

"ఆ టిక్కు దీనిది కాదు," అంది ఒటీలియా ఉన్నట్టుండి. "ఇది లేచేటప్పుడు గబగబా అరుస్తుంది. ఆయన ఎప్పుడూ రెండోసారి నొక్కలేదు. దీనికి బలం చాలట్లేదు."

"అదే నేననేది!" అన్నాడు విల్మార్. "పన్నెండుది పెడదాం. కాకపోతే హారన్ మాడిపోద్ది. దాని తీగ పీకేస్తా."

"పీకితే?"

"మాడదు. మోగదు కూడా."

"అయితే వద్దు."

"హారన్‌తో దున్నుతావా పిన్నీ?"

విల్మార్ మాతే తాగిన సొరబుర్ర తిరిగిచ్చేస్తూ "థాంక్స్" అన్నాడు. అంటే ఇక పొయ్యొద్దని, వెళ్తున్నానని. నాకు ఒళ్లు మండింది. "ఆవులెక్కువా నీకు, ఆ పీపీ ఎక్కువా?" అని అరిచాను. ఆమె ముఖం చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంటే బాగుండుననిపించింది.

"తెలీట్లేదు వదినా," అంది. "రోజంతా ఆవులతో బతికాను. సాయంత్రమైతే దాని కోసం చూశాను. ఏది ఎక్కువో ఎట్లా చెప్పేది?"

శుక్రవారం పొద్దున పాలు పిండి నేరుగా మా ఇంటికొచ్చింది. "ఆవులు కళ్ల ముందున్నాయి. పీకెయ్యమను," అంది. గట్టిగానే అంది. నేనే విల్మార్‌కి కబురు పెట్టాను.

విల్మార్ పన్నెండుది మోసుకొచ్చేసరికి పెట్టెలోంచి కిచకిచలు. తొమ్మిది పిల్లలు. కోడి వాటిని వెంటేసుకుని దిగింది. పెంకులు ఊడ్చేద్దామని ఒటీలియా గోతం ఎత్తింది. ఎత్తినది ఎత్తినట్టే నిలబడిపోయింది.

"వదినా! ఇక్కడ ఇంకో మూడు మూతలున్నాయి!"

విల్మార్ వంగి చూసి, తీగల వెంట వేలు పెట్టి పోయి, తొడ చరిచి నవ్వాడు. "రెండు ఆర్లు పిన్నీ! ఒకదాని వెనక ఒకటి కలిపి ఇంజనుకి పన్నెండు ఇచ్చాడు. మధ్యలో తీగ లాగి హారన్‌కి ఆరిచ్చాడు. ట్రాక్టరు పుట్టుకే పన్నెండుది. ఆ హారన్ ఎక్కడిదో మరి."

"మా మామగారి లారీది. లారీ తుక్కు కింద ఇచ్చిన రోజు మా ఆయన అదొక్కటే విప్పుకొచ్చాడు," అంది ఒటీలియా.

మేం కొత్తది పెట్టింది సగంలోనే. మిగతా సగం కోడి కింద చచ్చి పడుంది. నాకు చచ్చినవాడి మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క ముక్క చెప్పి పోతే నీ సొమ్మేం పోయేదయ్యా ఎలాడియో!

మధ్యాహ్నానికి రెండో ఆరు వచ్చింది. సెల్ఫ్ గబగబా అరిచింది. ఒటీలియా కళ్లు మూసుకుని విని, "ఇదీ," అంది. విల్మార్ విత్తుదామని ఎక్కబోతే పక్కకి జరగమంది. ఎలాడియో వేసుకునే గొర్రెతోలు దులిపి సీటు మీద పరిచి తనే కూర్చుంది. అతను పక్కన వేలాడుతూ నేర్పాడు. ఆ సాయంత్రానికి రెండు కంచె గుంజలు కూలాయి, నావే. శనివారం ఒక్కతే వెళ్లింది.

ఆ రోజు ఆమె జున్ను కోసం పెట్టిన పాలు కనిపెట్టుకుని నేను వాళ్ల వంటింట్లో ఉన్నాను. మబ్బు కమ్ముకొస్తోంది. ఇంకా రాదేమిటి, ఏ కాలువలో పడేసిందో, గుంజల డబ్బులు ఎవరిస్తారో అని తిట్టుకుంటున్నాను. పొద్దు వాలుతుండగా కింది గేటు దగ్గర జబ్బు దూడ అరిచింది.

నా తిట్టు సగంలో ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, కెటిల్‌లో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. మరగనివ్వలేదు. ఆమె వచ్చి మట్టి చేతులు కడుక్కునేసరికి నీళ్లు సిద్ధంగా ఉన్నాయి.