శనివారం సీసా

పోయినవి ముందు చెబుతాను. రెండు నెలల కూలి. మూడో నెలలో జారిపోయిన కడుపు. చిగుళ్ల నుంచి ఆగకుండా కారిన రక్తం. చివరికి మనిషి. ఇవన్నీ ఒక్క అప్పలమ్మవే.

అది 1968. పలాసలో జీడిపప్పు ఎగుమతికి రేకు డబ్బాలు చేసే షెడ్డులో నేను స్టోరు గుమస్తాని. డబ్బాల జిడ్డు పోవడానికి ఆడవాళ్లు బెంజీన్‌లో ముంచిన గుడ్డతో తుడిచేవారు. జిడ్డును కరిగించి, చూస్తుండగానే ఆవిరైపోయే ద్రవం అది. ఆ తుడిచే గదికున్న ఒక్క కిటికీని దుమ్ము పడుతుందని మూసేవారు.

అప్పలమ్మ పక్క స్టేషను సుమ్మాదేవి నుంచి రైల్లో వచ్చేది. ఇంటి దగ్గర జీడిపిక్కలు కొట్టి వచ్చేది కనుక ఆ జీడి అంటి వేళ్లు నల్లగా ఉండేవి. సాయంత్రం బండెక్కే ముందు ఆ గుడ్డతోనే మరకలు తుడుచుకునేది. మిగతా ఆడవాళ్లూ అంతే.

ఒంటి మీద కమిలిన మచ్చలు తేలాక ఆమె ఒక్కటే కోరింది. జబ్బు ఆ గది వల్లనే వచ్చిందని ఒప్పుకుని కంపెనీయే తనను పెద్దాసుపత్రిలో చూపించాలి. కంపెనీ డాక్టరు సోమవారం పొద్దున ఆమె మూత్రం తీయించి పరీక్షకు విశాఖపట్నం పంపించాడు. దోషమేమీ లేదని వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. పీల్చిన బెంజీన్‌లో కొంత ఊపిరితోనే తిరిగి బయటికొస్తుంది. మిగిలింది రక్తంలో కలిసి కొవ్వులో, ఎముకల మూలుగలో చేరుతుంది. కాలేయం దాన్ని ఫినాల్ అనే పదార్థంగా మారిస్తే అది మూత్రంలో పోతుంది; పరీక్షలో కొలిచేది దాన్నే. ఆదివారం సెలవు దాటేసరికి ఫినాల్ పల్చబడుతుంది. రక్తం తయారయ్యే మూలుగకు జరిగిన హాని పల్చబడదు. ఇదంతా నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నదే, కానీ డాక్టరుకు తెలియనిది కాదు.

శనివారం పని దిగగానే మూత్రం తీయమని, ఫినాల్ సోమవారం కంటే ఎన్నో రెట్లు ఉంటుందని డాక్టరుకు చెప్పాను.

"రోజు మారిస్తే జబ్బు మారుతుందా గుమస్తాగారూ?" అన్నాడు.

"జబ్బు మారదండి. అంకె మారుతుంది."

విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. అప్పలమ్మ సీసా కొంగుచాటున తెచ్చి, "ఏటి బాబూ, దీన్లో కూడా లెక్కలు సూత్తారా మీరు?" అని నవ్వింది. చిగుళ్లు ఎర్రగా కనబడ్డాయి. తర్వాత మెల్లిగా, "ఈపాలైనా నిజం సెప్తాదంటారా?" అంది.

చెబుతుందన్నాను.

సీసా వెళ్లింది. జవాబు రాలేదు. నేను అడిగినప్పుడల్లా మేనేజరు, చేతులు బెంజీన్‌తో తుడుచుకోమని ఆమెకెవరు చెప్పారని ఎదురడిగేవాడు. వద్దని చెప్పినవాడు ఒక్కడూ లేడు. బండికి వేళైందంటూ గుడ్డ అందించింది షెడ్డు మేస్త్రీయే. పెద్దాసుపత్రి మాట తేలకుండానే ఆమె పోయింది.

ఆ తర్వాత ఏ పరీక్షలో దోషం లేదని విన్నా, ఏ రోజు, ఏ వేళ తీశారని అడుగుతాను. కొలిచే వేళ కంపెనీవాళ్ల చేతిలో ఉంటే విషం లేదని చూపించడం చాలా తేలిక.

శనివారం సీసాలో ఫినాల్ ఎంతుందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఆ అంకె అప్పలమ్మకు ఇంకా బాకీ.