టీబీ మొలవని గుడ్లు

నేను గుడ్డు పగలగొట్టడం నేర్చుకున్నది వంటింట్లో కాదు, ప్రయోగశాలలో. మాది సంగారెడ్డి బజారులో కిరాణా కొట్టున్న షావుకార్ల ఇల్లు. గుడ్డు అనే మాట అనాల్సి వస్తే అమ్మ గొంతు తగ్గించేది. అలాంటి ఇంటి పిల్లను, పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ లేస్తున్న డెబ్బైల్లో, అక్కడి ఒక చిన్న టీబీ పరిశోధనశాలలో చేరి డజన్ల కొద్దీ గుడ్లు పగలగొట్టాను.

టీబీ క్రిమికి మేం పెట్టే తిండి గుడ్డు సొనే మరి. అందులో కొన్ని లవణాలు, ఆకుపచ్చ రంగు కలిపి, గాజు గొట్టాల్లో పోసి వేడి మీద గట్టిపరిచి, దానిమీద రోగి కఫం పూస్తాం. వెచ్చని పెట్టెలో ఉంచితే కొన్ని వారాలకు క్రిమి మొలుస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తిన్న అన్నదమ్ముల్లో ఒకడికి టీబీ వస్తుంది, ఇంకొకడికి రాదు. ఆ రెండోవాడి ఒంట్లో దాన్ని ఆపుతున్నదేమిటి? నాకు ఆ జవాబు కావాలి. దానికి ముందు ఈ ప్రాంతపు రోగుల క్రిమి నా దగ్గర ప్రాణాలతో ఉండాలి.

అదే మొలవలేదు. చిట్కుల్ నుంచి వచ్చే ఫ్యాక్టరీ కూలీల కఫాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే క్రిములు ఎర్రగా, గుంపులుగా కనిపించేవి. గొట్టంలో పూస్తే మాయం! ఒక విడత పోయింది. రెండో విడతా పోయింది. నాకు ముందు పనిచేసినాయన చేతిలో బ్రహ్మాండంగా మొలిచేవట. "మేడంకు హస్తవాసి లేదు" అని పక్కన రక్తపరీక్షల గదిలో నవ్వుకునేవాళ్లు, అదీ నాకు వినబడేటట్టు. ఒళ్లు మండిపోయేది.

కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా పెద్దసారు మాత్రం నవ్వలేదు. "పెంచలేని క్రిమి మీద పరిశోధనేమిటమ్మా? ఇంకొక్క విడత చూస్తాను. అదీ మొలవకపోతే ఈ గది రక్తపరీక్షల వాళ్లకి ఇచ్చేస్తాను. నువ్వూ వాళ్లతోనే కూర్చుందువుగాని," అన్నారు.

బహుశా గుడ్లు పాతబడ్డాయేమోనని, ఈసారి కోళ్ల ఫారానికి నేనే వెళ్లాను. ఆ ఫారం గుడ్లు మొదలుపెట్టింది కూడా నేనే. అంతకుముందు ఊళ్లోంచి వచ్చే గుడ్లు ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా, రెట్ట అంటుకుని ఉండేవి. చేరిన రోజే వాటిని మాన్పించి, తెల్లగా కడిగినట్టుండే ఒకే సైజు గుడ్లు తెప్పించాను. నాన్న కొట్లో సరుకు ఏరడం చూస్తూ పెరిగినదాన్ని కదా, చూపుకి బాగుంటే సరుకు మంచిదే అనుకున్నాను.

"జెర తాజావి ఇయ్యన్నా," అన్నాను ఫారం ఆయనతో.

"పరేషాన్ గాకు మేడం. మా కోళ్లకు రోగమే రాదు. దాణాలనే మందు కలుపుతం," అంటూ గర్వంగా డబ్బా చూపించాడు.

చదివితే, అది సూక్ష్మక్రిములను చంపే మందు. అది కోడిలోంచి గుడ్డులోకి, గుడ్డులోంచి నా గొట్టంలోకి వస్తోందేమో! రెండు విడతలుగా నా క్రిములకు నేనే అన్నంలో విషం కలిపి పెడుతున్నానన్నమాట. ఎంత తెలివితక్కువదాన్ని!

అటునుంచి అటే దగ్గర్లోని ఇంద్రేశం అనే ఊరికి పోయాను. సంగారెడ్డి వారపు అంగడికి వచ్చినప్పుడల్లా మా కొట్లో సరుకులు తీసుకునే అవ్వ ఒకామె అక్కడ పెరట్లో ఏరుకు తినే నాటుకోళ్లు పెంచేది. నన్ను చూసి నోరు తెరిచింది.

"షావుకారి బిడ్డవు, నీకు గుడ్లెందుకమ్మా?"

"టీబీ పురుగుకు పెడ్తనవ్వా."

"ఏందీ! మనుషులకే దొర్కకుంటే పురుగులకు పెడ్తవా? ఏం సదువమ్మా నీది!"

"పెంచి చూస్తెనే కదవ్వా, దాన్నెట్ల ఆపాల్నో తెలిసేది."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, గంప ఎత్తి ఉన్న గుడ్లన్నీ నా సంచిలో పెట్టింది. "తీస్కపో. అది సచ్చేదాంక ఇస్త," అంది.

ప్రతి కఫాన్నీ రెండు గొట్టాల్లో పూశాను. ఒకటి ఫారం గుడ్డుది, ఒకటి అవ్వ గుడ్డుది. సంగతి చెబితే పెద్దసారు, "ఇప్పుడు నెపం కోడి మీద పెడుతున్నావా?" అన్నారు. మూడు వారాలు గడిచినా ఏమీ లేదు. నాకు అన్నం సయించలేదు. ఈ గది పోతే నా ప్రశ్న కూడా పోతుందని లోపల ఒకటే భయం.

నాలుగో వారం ఒక పొద్దున పెట్టె తెరిచాను. అవ్వ గుడ్డు గొట్టంలో మీగడ రంగులో గరుకుగా నాలుగైదు గింజలు! పక్కదాంట్లోనూ ఉన్నాయి. ఆ పక్కదాంట్లోనూ. ఫారం గుడ్డు గొట్టాలు మాత్రం బోసిగా ఉన్నాయి. "మొలిచినయ్! సార్, మొలిచినయ్!" అని వరండా దద్దరిల్లేలా అరిచాను. మనుషుల్ని చంపే క్రిమి బతికిందని కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

పెద్దసారు వచ్చి ఒక్కొక్క జతనూ కిటికీ వెలుగులో పట్టి చూశారు. ఆఖరి జత పెట్టేసి, రక్తపరీక్షల వాళ్లను పిలిచారు. గది ఎలాగూ తమకే వస్తుందని వాళ్లు ముందురోజే ఒక ఇనుప బీరువా తెచ్చి నా బల్ల పక్కన నిలబెట్టారు.

"అది తీసేయండి. ఈ గది ఈ అమ్మాయిది," అన్నారు.

వాళ్లలో ఒకడు నసుగుతూ వచ్చాడు. "గింత జల్దీ ఏంది మేడం, రేపు తీస్తం."

"రేపు గాదన్నా, ఇప్పుడే. నా పురుగులకు జాగ కావాలె," అని బీరువా రెండో కొస నేనే ఎత్తి పట్టుకున్నాను.